కూడలి దీపములు – గణకయంత్ర పరీక్ష



నేటి నా ప్రసంగమునకు విషయము వాహనసంచారము. నాలుగు దారుల కూడలియందు ఎఱ్ఱదీపము, పచ్చదీపము ఎంతెంత సేపు వెలుగవలెను? ఏ దారికి ముందు వంతు ఇయ్యవలెను? క్రొత్తదారి వేసినచో మేలు కలుగునా, కీడు కలుగునా? ఈ ప్రశ్నలకు సమాధానమును దారిమీదనే ప్రయోగము చేసి తెలిసికొనుటకు మాఱుగా, ఆ దారిని కంప్యూటరులో కల్పించి, అందు వాహనములను నడిపి, ఫలితమును ముందుగా చూచెడి పద్ధతి యొకటి గలదు. దానిని సిమ్యులేషను అందురు. మనము అనుకరణమని పిలుచుకొందము.

"ఇది పట్టణవాసుల గొడవ, మాకేల?" అని మీలో కొందఱు అనుకొనవచ్చును. కాని నేడు పెద్ద రహదారులు పెక్కు పల్లెల నడుమనుండియే పోవుచున్నవి. బడికి పోవు పిల్లలు, పొలమునకు పోవు పశువులు, ఆసుపత్రికి పోవు వృద్ధులు వానిని దాటక తప్పదు. ఎక్కడ వంతెన కట్టవలెను, ఎక్కడ దీపము నిలుపవలెను, ఎక్కడ అడ్డదారి మూయవలెను అను నిర్ణయములకు ముందు ఇట్టి యంత్రగణితము చేయుట కలదు. మన యూరి దారిని గూర్చి ఒక యంత్రము సాక్ష్యము చెప్పునపుడు, ఆ సాక్షిని ప్రశ్నించు నేర్పు మనకు ఉండవలదా? అందుకొఱకే ఈ ప్రసంగము.

కూడలి దీపముల చరిత్ర ఒకటిన్నర శతాబ్దమునకు పైబడినది. 1868వ సంవత్సరమున లండను నగరమున, పార్లమెంటు భవనము చెంత, మొట్టమొదటి దీపస్తంభమును నిలిపిరి. అది గ్యాసుతో వెలుగునది. పోలీసు జవాను చేతితో నడుపవలసినది. 1869వ సంవత్సరారంభముననే గ్యాసు ప్రేలి, నడుపుచున్న జవానునకు గాయములు తగిలినవి. దారిమీద నేరుగా చేసిన ప్రయోగమునకు వెల ఎవ్వరు చెల్లింతురో లోకమునకు ఆనాడే తెలిసినది. తరువాత 1914వ సంవత్సరమున అమెరికాలోని క్లీవులాండు నగరమున విద్యుద్దీపములను నిలిపిరి.

ఆ దీపములు చాలకాలము గడియారమునకు కట్టువడి యుండెను. ఎదుటి దారిలో బండి యున్నను లేకున్నను, నియమితకాలము గడచిన పిమ్మటనే రంగు మాఱెడిది. స్మార్టు దీపములని నేడు చెప్పబడునవి అట్టివి కావు. రోడ్డులో పాతిన తీగచుట్టలచేతను, స్తంభములపై నమర్చిన కెమెరాలచేతను వచ్చెడి బండ్లను లెక్కించి, ఆ లెక్కనుబట్టి పచ్చదీపపు కాలమును పెంచుచు తగ్గించుచు నుండును. బ్రిటనులో స్కూట్ అనియు, ఆస్ట్రేలియాలో స్కాట్స్ అనియు పేరుగల ఇట్టి పద్ధతులు 1970 తరువాతి దశకమున రూపొందినవి. పద్ధతులు పెక్కు గలవు. వానిలో మన కూడలికి తగినది ఏది యనునదే ప్రశ్న.

చెఱువు క్రింద సేద్యము చేసినవారికి ఈ చిక్కు సులభముగా బోధపడును. ఒకే కాలువ నీటిని నాలుగు మడులకు వంతులుగా పాఱించునపుడు, ఒక మడి గండి పూడ్చి వేఱొక మడి గండి తెఱచులోపల కొంత కాలము వృథా యగును. వంతులు మఱీ చిన్నవైనచో పూడ్చుటకును తెఱచుటకునే ప్రొద్దు చాలును. వంతులు మఱీ పెద్దవైనచో చివరి మడి ఎండును. కూడలి దీపములకును ఇదే ధర్మము. నాలుగు దిక్కులకు పచ్చదీపము వంతులుగా వెలుగుచున్నదనియు, ఒక్కొక్క మార్పునకు 4 సెకనులు వృథా యగుచున్నవనియు అనుకొందము. అప్పుడు చుట్టు ఒకటికి 16 సెకనులు పోవును. చుట్టు 60 సెకనులైనచో రెండు నిమిషములలో బండ్లకు దక్కునది 88 సెకనులు. చుట్టు 120 సెకనులైనచో దక్కునది 104. కావున చుట్టు పెద్దదైనకొలది ఎక్కువ బండ్లు దాటగలవు. కాని ఎఱ్ఱదీపము ముందు నిలిచినవాని నిరీక్షణమును అంతకంతకు పెరుగును. ఈ రెంటి నడుమ తగిన కాలమేది?

ఈ ప్రశ్నకు 1958వ సంవత్సరమున బ్రిటను దేశపు రోడ్డు పరిశోధనాలయమునకు చెందిన వెబ్‌స్టరు పండితుడు ప్రసిద్ధమైన సమాధానము నొసగెను. ఆయన కేవలము కాగితముమీది గణితముతో తృప్తి చెందక, కంప్యూటరులో బండ్ల రాకపోకలను అనుకరించి ఆలస్యములను లెక్కించెను. తన సూత్రమునకును అనుకరణమునకును కనబడిన తేడాను సవరించుటకై సూత్రములో నొక పదమును చేర్చెను. తగిన చుట్టును గూర్చి ఆయన చెప్పిన నియమము ఇది: వృథా యగు సెకనులను ఒకటిన్నర రెట్లు చేసి, 5 కలిపి, దారిశక్తిలో మిగిలియున్న భాగముచే భాగింపవలెను. పై కూడలిలో దారిశక్తి పదింట ఏడువంతులు వినియోగమగుచున్నదనుకొనుడు. మిగిలినది పదింట మూడువంతులు. 16 సెకనులకు ఒకటిన్నర రెట్లు 24. 5 కలిపిన 29. పదింట మూడుచే భాగించిన రమారమి 97 సెకనులు. ఈ నియమము నేటికిని ఇంజనీరింగు విద్యార్థులకు పాఠముగా నున్నది.

ఒక్క కూడలికి సూత్రము చాలును. కాని ఒకదాని వెనుక నొకటిగా పది కూడళ్ళున్నపుడు, మొదటి కూడలి విడిచిన బండ్లే రెండవ కూడలికి బరువగుచున్నపుడు, సూత్రమునకు పట్టు తప్పును. అప్పుడు బండి బండిని విడివిడిగా నడిపి చూడవలెను. అది యెట్లో యంత్రము లేకయే మీ యింటి అరుగుమీద చూచుకొనవచ్చును.

సుద్దముక్కతో గుండ్రముగా గడులు గీయుడు. ఒక్కొక్క గడి 7.5 మీటర్ల దారి. గడి యొకటికి ఒక గవ్వ చొప్పున, నడుమ ఖాళీలు విడుచుచు, గవ్వలు పెట్టుడు; అవియే బండ్లు. ఒక్కొక్క ఆట ఒక సెకను. ప్రతి బండికి వేగము సున్న మొదలు ఐదు గడులవఱకు ఉండవచ్చును. నియమములు నాలుగే. మొదటిది: ప్రతి బండియు తన వేగమును ఒక గడి పెంచుకొనవలెను. రెండవది: ముందున్న ఖాళీగడులు అంతకంటె తక్కువైనచో, ఆ ఖాళీల మేరకు వేగము తగ్గించుకొనవలెను. మూడవది: ప్రతి బండికి పాచిక వేసి, ఒకటి పడినచో, ఏ కారణము లేకయే దాని వేగమును ఒక గడి తగ్గింపవలెను. తోలువాని పరాకునకు ఇది గుర్తు. నాలుగవది: అన్నింటిని వాని వాని వేగము చొప్పున ఒక్కసారి ముందునకు జరుపవలెను. ఈ యాటను నాగెల్, ష్రెకెన్‌బర్గు అను జర్మను శాస్త్రజ్ఞులు 1992వ సంవత్సరమున ప్రకటించిరి.

గవ్వలు పలుచగా నున్నంతకాలము ఆట సాఫీగా సాగును. గవ్వలు చిక్కనైనపుడు వింత కనబడును. ఎచ్చటనో ఒక బండి పరాకున వేగము తగ్గించును. వెనుకది మఱింత తగ్గించును. దాని వెనుకది ఆగిపోవును. ముందున్నవి కదలిపోవుచుండ, వెనుకవి వచ్చి చేరుచుండ, ఆ గుంపు అల వలె వెనుకకు ప్రాకును. గుంట లేదు, ప్రమాదము లేదు, అడ్డము వచ్చిన గేదె లేదు. ఐనను దారి స్తంభించును. ఇది కల్పన యనువారికి జపాను శాస్త్రజ్ఞులు 2008వ సంవత్సరమున ప్రకటించిన పరీక్షయే ప్రత్యుత్తరము. 230 మీటర్ల చుట్టుగల వలయముపై 22 కార్లను నిలిపి, గంటకు 30 కిలోమీటర్ల వేగముతో సమముగా నడుపుడని చెప్పిరి. కొంతసేపటికే ఏ యడ్డంకియు లేకుండ కార్లు గుంపుగూడి నిలిచెను. ఆ స్తంభనము వెనుకకు ప్రాకెను. అరుగుమీది గవ్వలు చెప్పినదే నిజమైన కార్లును చెప్పినవి.

అనుకరణము మఱియొక విధమునను ఉపకరించును. దారుల విషయమున లోకజ్ఞానము మోసపుచ్చు సందర్భములు గలవు. 1968వ సంవత్సరమున బ్రయెస్ అను జర్మను గణితజ్ఞుడు ఒక విచిత్రమును నిరూపించెను. దానిని మన లెక్కలో చెప్పెదను. ఒక యూరినుండి మఱియొక యూరికి రెండు దారులు గలవు. ఒక్కొక్క దారిలో ఒక ఇఱుకు వంతెనయు, ఒక వెడల్పు రోడ్డును గలవు. మొదటి దారిలో వంతెన ముందు, రోడ్డు వెనుక. రెండవ దారిలో రోడ్డు ముందు, వంతెన వెనుక. రోడ్డుమీద ఎందఱున్నను 40 నిమిషములు పట్టును. వంతెనమీద ప్రతి 100 బండ్లకు ఒక నిమిషము చొప్పున పట్టును. 3000 బండ్లు సగము సగముగా చీలినచో, వంతెనకు 15, రోడ్డునకు 40, వెరసి 55 నిమిషములు.

ఇప్పుడు మేలు చేయదలచి, మొదటి వంతెన చివరనుండి రెండవ వంతెన మొదటికి ఒక చిన్న అడ్డదారి వేసిరనుకొనుడు. దానిని దాటుటకు కాలమే పట్టదనుకొనుడు. ప్రతివాడును రెండు వంతెనలమీదుగా పోవుటయే లాభమని తలచును. 3000 బండ్లును రెండు వంతెనలమీదను పడును. ఒక్కొక్క వంతెనకు 30 నిమిషములు, వెరసి 60. క్రొత్తదారి వేసినందున అందఱికిని 5 నిమిషములు నష్టము. ఒక్కడు విడిగా రోడ్డు పట్టినచో వానికి 70 నిమిషములగును. కావున ఎవ్వడును మరలడు. ఇట్టి చిక్కు కన్నులకు కనబడదు, లెక్కకే చిక్కును. సొమ్ము వెచ్చించి దారి వేసిన పిమ్మట తెలిసికొనుటకంటె ముందే యంత్రములో తెలిసికొనుట మేలుగదా!

ఐనచో యంత్రము చెప్పినదెల్ల వేదమా? కాదు. తర్కశాస్త్రము చదివినవారు అనుమానప్రమాణము నెఱుగుదురు. వంటయింట పొగతోపాటు నిప్పును పెక్కుసార్లు చూచినవాడు, కొండమీద పొగ చూచి నిప్పు కలదని ఊహించును. వంటయింటి నియమము కొండమీద చెల్లునపుడే ఆ యూహ నిలుచును. అనుకరణమును అట్టి యూహయే. ఒకచోట, ఒకనాడు చూచిన నడవడిని నియమముగా మలచి, వేఱొకచోటికి, రాబోవు దినమునకు అన్వయించుట. కావున తెలిసిన ఇంజనీరులు ముందుగా దారిమీద బండ్లను లెక్కించి, యంత్రములోని బండ్ల నడవడిని దానికి సరిపఱతురు. తరువాత, సరిపఱచుటకు వాడని వేఱొకనాటి లెక్కతో పోల్చి చూతురు. అది కుదిరిన పిమ్మటనే క్రొత్త పద్ధతిని పరీక్షింతురు. పాచిక ఒక్కసారి వేసి నిర్ణయింపక, పెక్కుమాఱులు నడిపి సగటు తీయుదురు. ఈ మెట్లలో ఏది తప్పినను ఫలితము నమ్మదగినది కాదు.

యంత్రగణితమును లోకమే పరీక్షించిన సందర్భ మొకటి చెప్పెదను. స్వీడను దేశపు రాజధాని స్టాక్‌హోములో, నగరమధ్యమునకు వచ్చిపోవు కార్లకు సుంకము విధింపదలచిరి. ప్రజలలో చాలమంది వ్యతిరేకించిరి. ఏ వంతెనమీద ఎన్ని కార్లు తగ్గును, బస్సులకును రైళ్ళకును ఎందఱు మరలుదురు, చుట్టుదారులమీద ఎంత బరువు పడును అని కంప్యూటరులో ముందుగా లెక్కించిరి. 2006వ సంవత్సరము జనవరి 3వ తేదీ మొదలు జూలై 31వ తేదీవఱకు సుంకమును పరీక్షార్థము వసూలు చేసిరి. సరిహద్దు దాటు వాహనములు రమారమి ఐదింట ఒకవంతు తగ్గెను. సెప్టెంబరులో ప్రజాభిప్రాయము సేకరింపగా నగరమున ఎక్కువమంది ఔననిరి. 2007వ సంవత్సరము ఆగస్టునుండి సుంకము స్థిరపడెను.

తరువాత లెక్కను ఫలితముతో పోల్చి చూచిరి. కార్ల తగ్గుదలను, బస్సులకును రైళ్ళకును మరలినవారిని, చుట్టుదారుల బరువును లెక్క చాలవఱకు సరిగా చెప్పినది. ఒక్కచోట మాత్రము చతికిలబడినది. బారులుతీరి నిలుచు కాలము ఎంతగా తగ్గునో అది ముందుగా చెప్పలేకపోయినది. ఏలయన, ఆ లెక్కలో బారు క్షణక్షణము పెరుగుటయు తరుగుటయు అను ధర్మమే లేదు. తనలో లేని ధర్మమును ఏ యంత్రమును చూపజాలదు. ఇది మనము గట్టిగా జ్ఞాపకముంచుకొనదగిన మాట.

ఇక మన దేశమునకు వత్తము. అరుగుమీది గవ్వలాట, బండ్లు ఒకే వరుసలో నడచు దేశమున పుట్టినది. మన దారులమీద వరుస యెక్కడిది? లారీ ప్రక్కన ఆటో, ఆటో ప్రక్కన మోటారుసైకిలు, దాని ప్రక్కన సైకిలు, వీని నడుమ ఎడ్లబండి. ఖాళీ యున్న చోటనెల్ల చిన్నబండి దూరును. అందువలన మదరాసులోని ఐ.ఐ.టి. విద్యాలయము మొదలైన చోట్ల మన మిశ్రసంచారమునకు తగిన వేఱు అనుకరణములను నిర్మించిరి. 2017 నాటి భారతీయ రహదారి సామర్థ్య గ్రంథమును మన దారులమీది కొలతలతోనే కూర్చిరి. వంటయింటి నియమమును కొండకు చెప్పకుండ, కొండమీదనే చూచి చెప్పు ప్రయత్నమిది.

బండ్లను లెక్కించు విధమునందును తెలిసికొనదగిన విషయము గలదు. వేర్వేఱు బండ్లను ఒకే కొలతకు తెచ్చుటకై, అవి దారిలో ఎన్ని కార్ల చోటు ఆక్రమించునో చెప్పుట ఆచారము. పల్లెదారుల విషయమై భారత రోడ్డు కాంగ్రెసువారు 1990వ సంవత్సరమున ప్రకటించిన పట్టికలో మోటారుసైకిలు అరకారు, సైకిలును అరకారు, బస్సు 3 కార్లు, ఎడ్లబండి 8 కార్లు. మెల్లగా నడచునది గనుక ఎడ్లబండికి అంత లెక్క. ఈ పట్టిక చోటును కొలుచును గాని మనుష్యులను కొలువదు. 50 మంది గల బస్సు 3 కార్లకు సమానము. ఒక్కడే కూర్చున్న కారు ఒక కారునకు సమానము. మఱి కాలినడకవానికి ఆ పట్టికలో చోటే లేదు.

ఇందే మన కష్టసుఖములు ఇమిడియున్నవి. ఒక దారిన 50 మందితో ఒక బస్సు, అడ్డదారిన ఒక్కొక్కనితో 10 కార్లు వచ్చినవనుకొనుడు. వాహనముల సగటు ఆలస్యము తగ్గింపుమని యంత్రమునకు చెప్పినచో, అది 10 కార్లకు ముందు వంతు ఇచ్చును. మనుష్యుల సగటు ఆలస్యము తగ్గింపుమన్నచో, 50 మంది గల బస్సునకు ఇచ్చును. యంత్రము రెండుసార్లును సత్యమే చెప్పినది. ప్రశ్న మాఱినది, ధర్మము మాఱినది.

కాలినడక సంగతి అంతకంటె ముఖ్యము. దారి దాటువాడు సెకనుకు 1.2 మీటర్లు నడచునని ఇంజనీరులు సాధారణముగా లెక్కవేయుదురు. 12 మీటర్ల దారిని దాటుటకు అట్టివానికి 10 సెకనులు చాలును. కాని మోకాళ్ళ నొప్పితో, చేతికఱ్ఱతో నడచు వృద్ధుడు సెకనుకు 0.8 మీటరు నడచిన గొప్ప. వానికి 15 సెకనులు కావలెను. పది సెకనులకే ఎదుటి దారికి పచ్చదీపము వెలిగినచో, ఆ వృద్ధుడు అప్పటికి 8 మీటర్లు మాత్రమే నడచి, నడిరోడ్డు దాటియు దాటకయు, కదలివచ్చు లారీలకు ఎదురుగా నుండును. కంప్యూటరులో ఆ వృద్ధుని కల్పింపకపోయినచో కాగితముమీద ఆ కూడలి నిర్దోషముగా కనబడును. ఆ యైదు సెకనులు ఎవరివి? నావి, మీలో చాలమందివి.

కావున గ్రామపెద్దలారా! మీ యూరి రహదారిమీద వంతెనయో, దీపమో, దారిమూతయో ప్రతిపాదించి, యంత్రములో పరీక్షించితిమని ఎవ్వరైన చెప్పినపుడు, యంత్రమను మాటకు జంకవలదు, తిరస్కరింపనును వలదు. మూడు ప్రశ్నలు వేయుడు.

మొదటిది: లెక్క ఏ దినమున తీసితిరి? సంతనాడు, బడి విడుచువేళ, కోతల కాలమున, జాతరనాడు దారి ఒక్క తీరుగా నుండదు. పని లేని దినమున తీసిన లెక్క పని దినమునకు చెల్లదు.

రెండవది: ఎవరిని లెక్కించితిరి? కాలినడకవారు, బడిపిల్లలు, సైకిళ్ళు, మందలు, ఎడ్లబండ్లు లెక్కలో కలవా? వృద్ధుల నడకవేగమును వేసితిరా? బస్సును ఒక బండిగా చూచితిరా, అందున్న మనుష్యులనుబట్టి చూచితిరా?

మూడవది: మీ యంత్రము నేటి దారిని ఉన్నదున్నట్లు చూపగలుగుచున్నదా? మా కూడలిలో సాయంకాలము బారు ఎంతదూరము నిలుచునో మేము ప్రతిదినము చూచుచున్నాము. యంత్రములోని బారు అంతదూరము నిలుచుచున్నదా? నేటిదానిని సరిగా చూపలేనిది రేపటిదానిని ఎట్లు చూపును?

ఈ మూడవ ప్రశ్నకు జవాబు సరిచూడగలవారు పట్టణములోని పండితులు కారు. ఆ కూడలి ప్రక్కన నివసించు మీరే. ఇంజనీరుకు గణితము తెలియును. మీకు దారి తెలియును. ఈ రెండు తెలివులు కలిసినచోటనే అనుకరణము నిజమునకు సమీపించును. కావున లెక్క తీయువారు మీ యూరికి వచ్చినపుడు వారిని దూరముగా నిలిచి చూడక, దగ్గఱకు పోయి, బడి గేటు ఎక్కడనో, పశువులు దాటు చోటెక్కడనో, గత సంవత్సరములలో ప్రమాదములు జరిగిన స్థలమెక్కడనో చూపింపుడు. వ్రాతమూలముగా పంచాయతీ తీర్మానము చేసి ఇండు. లెక్కలోనికి ఎక్కినవానికే దారిలో చోటు దొరకును.